పాలు చాలట్లేదని తేల్చింది ఎవరు?

ప్రశ్న: మేడమ్ గారూ, నాకు 27 ఏళ్లు. తొలి కాన్పు, సిజేరియన్ అయింది. పాప పుట్టి 24 రోజులు. తణుకులో అమ్మావాళ్లింట్లో ఉన్నాను. పాలు పడలేదని ఆసుపత్రిలో రెండో రోజునే డబ్బా పాలు మొదలుపెట్టారు. ఇప్పుడు రోజుకి నాలుగు సార్లు, 60 ఎం.ఎల్. చొప్పున పడుతున్నాం. అందులో రెండు సార్లు రాత్రిపూట అమ్మే పడుతుంది, నన్ను నిద్రపొమ్మని. మిగతావన్నీ నా పాలే. పాప రొమ్ము అందుకుని కాసేపు తాగి నిద్రపోతుంది, పక్కలో వేయగానే లేచి ఏడుస్తుంది. సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఒకటే ఏడుపు. నా చనుమొనలు పగిలిపోయాయి, పాప పట్టుకుంటే ప్రాణం పోతోంది. మొదట్లో రాళ్లలా ఉన్న రొమ్ములు ఇప్పుడు మెత్తబడిపోయాయి. తెల్లవారుజామున మాత్రం బరువెక్కి జాకెట్టు తడిసిపోతుంది. పంపుతో తీస్తే రెండు వైపులా కలిపి 25 ఎం.ఎల్. కూడా రావట్లేదు. పాప పుట్టినప్పుడు 2.9 కిలోలు, ఐదో రోజున 2.68, 14వ రోజున 2.95, ఇవాళ 3.26. ఒంటికి రోజుకి ఏడెనిమిది సార్లు, రెంటికి మూడు నాలుగు సార్లు పసుపుగా వెళ్తోంది. అత్తయ్యగారు ఫోన్ చేసి "నీకు పాలు లేవమ్మా, పిల్లను మాడ్చకు" అంటున్నారు. పెద్దమ్మ రోజు విడిచి రోజు పాల సొర వండి పంపుతోంది. అమ్మ నన్ను మంచినీళ్లు ఎక్కువ తాగనివ్వదు, ఎండలు కదా పాపకి మాత్రం నీళ్లు పట్టమంటోంది. నేను థైరాయిడ్ మాత్ర వేసుకుంటాను. పాపకి ఐదో నెల రాగానే హైదరాబాద్‌లో ఆఫీసుకి వెళ్లాలి. నాకు నిజంగా పాలు లేవా? డబ్బా మానిపించగలనా? రాత్రుళ్లు ఊరికే ఏడుపొస్తోంది.

— ఓ పాఠకురాలు, తణుకు

సమాధానం: అమ్మా, మీరు అడిగిన ప్రశ్నకి జవాబు మీరు రాసిన అంకెల్లోనే ఉంది. ముందు ఆ లెక్క చూద్దాం, మిగతా విషయాలు తర్వాత.

పుట్టిన పిల్లలు మొదటి నాలుగైదు రోజుల్లో కొంత బరువు తగ్గుతారు. పుట్టిన బరువులో నూటికి ఏడు నుంచి పది వంతుల దాకా తగ్గడం మామూలే. మీ పాప 220 గ్రాములు తగ్గింది, అంటే ఎనిమిది శాతం కూడా లేదు. రెండు వారాలు తిరిగేసరికి పుట్టినప్పటి బరువుకి చేరాలి. చేరింది, పైగా 50 గ్రాములు ఎక్కువే ఉంది. ఆ తర్వాత పది రోజుల్లో 310 గ్రాములు పెరిగింది. రోజుకి 31 గ్రాములన్నమాట. ఈ వయసులో రోజుకి 20 నుంచి 35 గ్రాముల మధ్య పెరిగితే బాగా పెరుగుతున్నట్టే.

"అదంతా డబ్బా పాల బలమే కదా" అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. అదీ చూద్దాం. ఈ వయసు పిల్లలకి కిలో బరువుకి రోజుకి సుమారు 150 ఎం.ఎల్. పాలు కావాలి. మీ పాపకి దాదాపు 490. మీరు పడుతున్న డబ్బా పాలు నాలుగు అరవైలు, 240. మిగతా 250 ఎక్కణ్ణుంచి వస్తున్నాయి? మీ దగ్గర నుంచే. ఇది ఉజ్జాయింపు లెక్క, పదో ఇరవయ్యో అటూ ఇటూ ఉండొచ్చు. అయినా పాప తాగే పాలలో సగం మీవే అన్న మాట మాత్రం మారదు. చనుమొనలు పగిలిపోయి, రాత్రి రెండు సార్లు పాలివ్వకుండా నిద్రపోతూ కూడా మీ ఒంట్లో రోజుకి పావు లీటరు పాలు తయారవుతున్నాయి. మీకు పాలు లేవన్న మాటను నేను ఒప్పుకోను.

మరి అందరూ అలా ఎందుకంటున్నారు? పాలు చాలుతున్నాయో లేదో తేల్చడానికి మన ఇళ్లలో చూసేవి నాలుగు: పిల్ల ఏడుపు, రొమ్ము గట్టితనం, పంపులో పడ్డ పాలు, రొమ్ము వదిలాక సీసా పడితే తాగుతుందా లేదా అన్నది. ఈ నాలుగూ నమ్మదగ్గవి కావు. నమ్మాల్సినవి బరువు, తడిసిన గుడ్డలు. రోజుకి ఆరుకి తగ్గకుండా లేత రంగులో ఒంటికి వెళ్లడం, ఈ వయసులో పసుపుపచ్చని పల్చటి విరేచనం. మీ పాపకి రెండూ ఉన్నాయి.

రొమ్ములు మెత్తబడటం గురించి చెబుతాను, ఎందుకంటే చాలామంది ధైర్యం జారిపోయేది అక్కడే. కాన్పయిన మూడు నాలుగు రోజులకి రొమ్ములు రాళ్లలా అవడం పాల వల్ల మాత్రమే కాదు. ఆ సమయంలో అక్కడికి రక్తం ఎక్కువగా చేరి, కణాల మధ్య నీరు నిలిచి వాపు వస్తుంది. రెండు మూడు వారాలకి ఆ వాపు దిగిపోతుంది. అప్పటికి మీ ఒళ్లు కూడా పాప ఎంత తాగుతోందో చూసుకుని అంతే తయారు చేయడం నేర్చుకుంటుంది. మెత్తగా ఉన్న రొమ్ములోనూ పాలుంటాయి, పాప తాగుతుంటే కొత్తవి ఊరుతూనే ఉంటాయి. తెల్లవారుజామున జాకెట్టు తడుస్తోందన్నారు కదా, అది రాత్రి పాప తాగకుండా మిగిలిపోయిన పాలే. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

పంపు సంగతి క్లుప్తంగా. పాప తాగేశాక పంపు పెడితే 15 నుంచి 60 ఎం.ఎల్. దాకా ఎంత వచ్చినా మామూలే. పాలు చేపడానికి పాప నోటి స్పర్శ, దాని ఒంటి వాసన, మీ మనసు కుదుటపడటం, ఇవన్నీ కావాలి. ప్లాస్టిక్ గరాటు పెట్టుకుని "ఎన్ని వచ్చాయి, ఎన్ని వచ్చాయి" అని గీతలు చూస్తూ కూర్చుంటే పాలు చేపవు. గరాటు కొలత మీకు సరిపోకపోయినా రావు. పాలెన్ని ఉన్నాయో చూసుకోవడానికి పంపు వాడటం ఇవాళ్టి నుంచి మానేయండి.

ఇక సీసా. కడుపు నిండిన పిల్ల నోట్లో పెట్టినా రబ్బరు పీక నుంచి పాలు కారుతూనే ఉంటాయి. నోట్లో పడింది మింగడం, అంగిలికి తగిలింది చప్పరించడం ఈ వయసులో పిల్లల ఇష్టంతో జరిగే పనులు కావు. అందుకే "రొమ్ము తాగాక కూడా అరవై లాగించేసింది, చూశావా ఎంత ఆకలితో ఉందో" అన్న మాటకి విలువివ్వకండి. డబ్బా పాలు అరగడానికి ఎక్కువసేపు పడుతుంది, కాబట్టి కాస్త ఎక్కువసేపు నిద్రపోతుంది. దాన్నే అందరూ కడుపు నిండటం అనుకుంటారు.

సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఏడుపు మీ ఒక్క ఇంట్లోదే కాదు. రెండు మూడు వారాల వయసులో మొదలై, ఆరు వారాల దగ్గర పరాకాష్టకి చేరి, మూడు నాలుగు నెలలకి తగ్గిపోతుంది. తల్లిపాల పిల్లలూ ఏడుస్తారు, డబ్బా పాల పిల్లలూ ఏడుస్తారు. ఆ వేళ చాలామంది పిల్లలు అరగంటకోసారి రొమ్ము అడుగుతారు, కాస్త తాగుతారు, వదిలేస్తారు, మళ్లీ అడుగుతారు. సాయంత్రానికి పాలు కారే వేగం కొంచెం తగ్గుతుంది, పాప విసుక్కుంటుంది. ఆ నాలుగు గంటలూ మీరు ఇంకే పనీ పెట్టుకోకండి. ఏడింటిలోపే భోజనం కానిచ్చి, ఫ్యాన్ కింద కూర్చుని, అడిగినప్పుడల్లా ఇవ్వండి. మధ్యలో నాన్నగారో ఇంకెవరో పాపని భుజాన వేసుకుని వీధి అరుగు మీద తిప్పాలి.

ఇప్పుడు అసలు పనికి వద్దాం. మీ ఉత్తరంలో నన్ను ఆపిన వాక్యం "పట్టుకుంటే ప్రాణం పోతోంది". మొదటి వారంలో పాప అందుకోగానే కొన్ని క్షణాలు చురుక్కుమనడం సరే. 24వ రోజున చనుమొనలు పగిలి ఉన్నాయంటే పాప నోటి పట్టు సరిగా లేదని అర్థం. చాలావరకు చనుమొన ఒక్కటే నోట్లోకి వెళ్తోంది. అలా పట్టుకుంటే మీకు నొప్పి, దానికి పాలు రావు. చప్పరించి చప్పరించి అలిసిపోయి నిద్రపోతుంది, కడుపు నిండలేదు కాబట్టి పక్కలో వేయగానే లేస్తుంది. పాప వదిలాక చనుమొన ఎలా ఉందో ఒకసారి చూడండి. ఒక పక్కకి నొక్కుకుపోయి, కొత్త లిప్‌స్టిక్ కొనలా ఏటవాలుగా కనిపిస్తే నా అనుమానం నిజమే.

సిజేరియన్ అయిన వాళ్లు పాపని ఒళ్లో అడ్డంగా పెట్టుకుంటే కుట్ల మీద బరువు పడుతుంది. ఆ భయంతో ముందుకి వంగి, పాప నోట్లో రొమ్ము పెట్టడానికి ప్రయత్నిస్తారు. మెడ, వీపు పట్టేస్తాయి, పట్టూ కుదరదు. మీరు వెనక్కి ఆనుకుని కూర్చోండి. పక్కన రెండు దిండ్లు వేసి, పాపని చంక కింద పెట్టుకోండి, కాళ్లు మీ వీపు వైపు ఉండేలా. మీ అరచెయ్యి పాప మెడకీ భుజాలకీ ఆనాలి, తల వెనక నొక్కకూడదు. తల వెనక చెయ్యి పెట్టి నెట్టితే ఏ పిల్లయినా వెనక్కి తన్నుకుంటుంది. చెవి, భుజం, తుంటి ఒకే వరసలో ఉండాలి. పాప ముక్కు చనుమొనకి ఎదురుగా రావాలి, నోరు కాదు. చనుమొనతో పైపెదవిని మెల్లగా తాకించి ఆగండి. ఆవులించేంత నోరు తెరుస్తుంది. ఆ క్షణంలో పాపని మీ వైపు లాక్కోండి, గడ్డం ముందు తగిలేలా. మీరు వంగొద్దు.

సరిగా కుదిరితే గడ్డం రొమ్ములోకి దిగబడి ఉంటుంది, కింది పెదవి బయటికి తిరిగి ఉంటుంది, చనుమొన చుట్టూ ఉన్న నల్లటి భాగం పైపెదవి వైపు ఎక్కువగా, కింద తక్కువగా కనిపిస్తుంది. బుగ్గలు ఉబ్బి ఉంటాయి, సొట్టలు పడవు. మొదట గబగబా చప్పరించి, ఒకటి రెండు నిమిషాల్లో పాలు చేపాక లోతుగా, నెమ్మదిగా లాగి గుటక వేస్తుంది. ఆ గుటక చప్పుడు చెవికి తెలుస్తుంది. నొప్పి పుడితే ఓర్చుకోకండి. మీ చిటికెన వేలు పాప నోటి మూలలోంచి పెట్టి పట్టు విడిపించి మళ్లీ మొదలుపెట్టండి. ఒక్కోసారి ఐదారు సార్లు విడిపించాల్సి వస్తుంది, పాప ఏడుస్తుంది, చుట్టూ ఉన్నవాళ్లు "పట్టిందాన్ని ఎందుకు లాగుతావ్" అని కసురుతారు. లాగండి.

గుటకలు ఆగి ఊరికే పెదవులాడిస్తుంటే, బొటనవేలు ఒక పక్క, మిగతా వేళ్లు ఇంకో పక్క పెట్టి రొమ్ముని మెత్తగా నొక్కి పట్టుకోండి. పాలు నోట్లోకి వస్తాయి, నిద్రపోతున్న పిల్ల మళ్లీ మింగడం మొదలుపెడుతుంది. నొక్కినా మింగకపోతే రెండో వైపుకి మార్చండి. తాగుతూనే నిద్రలోకి జారే పిల్లలకి ఇంతకన్నా మంచి ఉపాయం నాకు తెలియదు. చొక్కా విప్పి, ఒక్క డైపర్‌తో మీ ఛాతీ మీద పడుకోబెట్టుకోండి. అలా ఒంటికి ఒళ్లు తగిలేలా పెట్టుకుంటే మెలకువగా తాగుతుంది, మీ పాలూ త్వరగా చేపుతాయి.

పగుళ్లకి మీ పాలే రెండు చుక్కలు రాసి గాలికి ఆరనివ్వండి. లానోలిన్ పూత (గొర్రె ఉన్ని నుంచి తీసే మైనం) దొరికితే వాడొచ్చు, తుడవక్కర్లేదు. సబ్బు వద్దు. నొప్పి తక్కువున్న వైపు నుంచి మొదలుపెట్టండి. నాలుగైదు రోజులు ఇలా చేసినా నొప్పి తగ్గకపోతే పిల్లల డాక్టరుకి చూపించి, పాప నాలుక కింది పొర బిగుసుగా ఉందేమో చూడమని అడగండి. నాలుకని కింది చిగురు దాటించలేని పిల్లలు ఎంత సర్దినా సరిగా పట్టుకోలేరు.

డబ్బా మానిపించగలనా అని అడిగారు. మీ విషయంలో చాలావరకు కుదురుతుందనే నా నమ్మకం. అయితే ఒక్కసారిగా ఆపకండి. మీ ఉత్తరం చదివి ఉత్సాహపడి రేపే డబ్బా అటకెక్కించే పాఠకులు ఉంటారని భయంతో చెబుతున్నాను: పాపకి ఇవాళ సగం ఆహారం అది. పాలు ఎంత ఖాళీ అయితే అంత ఊరుతాయి, కానీ ఊరడానికి కొన్ని రోజుల సమయం కావాలి.

ముందు రాత్రి సీసాలు తగ్గించాలి. పాలు ఊరడానికి కారణమయ్యే ప్రొలాక్టిన్ హార్మోను రాత్రిపూటే ఎక్కువగా ఉంటుంది. మీ అమ్మగారు ప్రేమతోనే రాత్రి రెండు సార్లు సీసా పడుతున్నారు, కానీ ఆ సమయంలోనే మీ రొమ్ములు నిండి, ఎవరూ తాగక, "ఇంతకన్నా అవసరం లేదు కాబోలు" అని ఉత్పత్తి తగ్గించేస్తున్నాయి. కాబట్టి మొదటి మూడు నాలుగు రోజులు పట్టు సరిచేసుకోండి, సీసాలు తగ్గించకండి. తర్వాత తెల్లవారుజాము సీసా తీసేసి ఆ సమయంలో మీరే ఇవ్వండి, పక్కకి తిరిగి పడుకునే. అప్పుడు మీ దగ్గర పాలు పుష్కలంగా ఉంటాయి. మూడు నాలుగు రోజులయ్యాక బరువు చూడండి. రోజుకి 20 గ్రాములకి తగ్గకుండా పెరుగుతుంటే రాత్రి పట్టే రెండో సీసా కూడా తీయొచ్చు. పెరగకపోతే వెనక్కి వెళ్లండి, తప్పేం లేదు. సాయంత్రం సీసాని అన్నిటికన్నా చివరికి ఉంచండి. ఆ సమయంలో మీకూ ఓపిక ఉండదు, పాపకీ ఉండదు. ఇదంతా మీ పిల్లల డాక్టరుకి చెప్పి చేయండి. బరువు ఎప్పుడూ ఒకే తూకం మీద, బట్టలు లేకుండా చూడాలి. దగ్గర్లోని అంగన్‌వాడీలోనో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో చూడమంటే చూస్తారు.

ఇచ్చే ఆ కాస్త డబ్బా పాలు కూడా ఉగ్గుగిన్నెతో ఇవ్వడం మేలు. మీ అమ్మమ్మల కాలం వెండి గిన్నె ఇంట్లో ఏ పెట్టెలోనో ఉండే ఉంటుంది. ఉడికించి వాడండి. పాపని నిటారుగా కూర్చోబెట్టి పెదవికి ఆనించి, అదే నాకుతూ తాగేలా చూడాలి, నోట్లో పోయకూడదు. సీసానే వాడాల్సి వస్తే పాపని కూర్చోబెట్టినట్టుగా పట్టుకుని, సీసాని అడ్డంగా ఉంచి, మధ్యమధ్యలో ఆపుతూ ఇవ్వండి. పాలపొడి డబ్బా మీద ఉన్న కొలత ప్రకారమే కలపండి. అరగదేమోనని పల్చగా కలిపే ఇళ్లు చాలా చూశాను. అలా కలిపితే పాప కడుపు నీళ్లతో నిండి బరువు ఆగిపోతుంది.

మొత్తం మాన్పించలేక రోజుకి ఒకటో రెండో సీసాలు మిగిలిపోయినా మీరు ఓడిపోయినట్టు కాదు. మీరు ఇచ్చే ప్రతి చుక్కకీ విలువ ఉంది. థైరాయిడ్ అదుపులో లేకపోవడం, కాన్పులో రక్తం బాగా పోవడం, మాయ ముక్క లోపల ఉండిపోవడం, రొమ్ముకి ఇదివరకు ఆపరేషన్ జరగడం, పీసీఓడీ (అండాశయాల్లో నీటి బుడగల సమస్య), ఇలాంటి వాటి వల్ల కొందరికి నిజంగానే పాలు తక్కువ పడతాయి. మీ విషయంలో థైరాయిడ్ ఒక్కటే చూసుకోవాల్సింది. గర్భంతో ఉన్నప్పుడు పెంచిన మాత్ర మోతాదుని కాన్పయ్యాక మార్చాల్సి ఉంటుంది. మార్చారో లేదో ఇప్పుడే ఫోన్ చేసి కనుక్కోండి, ఆరు వారాలకి థైరాయిడ్ ఎలా ఉందో చెప్పే టీఎస్‌హెచ్ రక్త పరీక్ష చేయించుకోండి. ఆ మాత్ర వేసుకుంటూ పాలివ్వడంలో ఇబ్బందేమీ లేదు, మానొద్దు.

తిండి విషయం. మీ పెద్దమ్మగారి ప్రేమకి దండం పెట్టి, పాల సొర మాత్రం తగ్గించమని చెప్పండి. సొర జాతి చేపల్లో పాదరసం ఎక్కువగా పేరుకుంటుంది. అమెరికా ఆహార, ఔషధ సంస్థ గర్భిణులనీ బాలింతలనీ సొర తినొద్దనే చెబుతుంది. గోదావరి జిల్లాల వాళ్లకి ఇది మింగుడుపడదని తెలుసు. నెత్తళ్లు, కవళ్లు వండమనండి, వాటిలో ఆ బెడద తక్కువ. వెల్లుల్లి, మునగాకు, మెంతికూర వంటలో ఎంత తిన్నా మంచిదే. మెంతి క్యాప్సూల్స్, పాలు పెంచే పొడుల మీద నాకు పెద్ద నమ్మకం లేదు, థైరాయిడ్ మందు వాడేవాళ్లు డాక్టరుని అడగకుండా అసలే వాడొద్దు. పాలు తాగించకుండా పొడులు ఎన్ని తిన్నా పాలు పెరగవు. మీకు మామూలు కన్నా ఒక పూట భోజనమంత అదనపు ఆహారం కావాలి. కూరలు, పప్పు, గుడ్డు, పండ్లు అన్నీ తినొచ్చు. పథ్యం పేరుతో చారన్నంతో సరిపెట్టొద్దు.

మీకు మంచినీళ్లు తగ్గించమనడం, పాపకి నీళ్లు పట్టమనడం, ఈ రెండూ తిరగేయాలి. మే నెల ఎండల్లో బాలింతని దాహంతో ఉంచితే తలనొప్పి, మలబద్ధకం, మూత్రంలో మంట వస్తాయి. నీళ్లు తాగితే కుట్లకి చీము పడుతుందనేది ఒట్టి భయం. దాహం వేసినప్పుడల్లా తాగండి, పాలివ్వడానికి కూర్చున్నప్పుడు పక్కన చెంబు పెట్టుకోండి. పాపకి ఆరు నెలలు నిండేదాకా చుక్క నీరు అక్కర్లేదు, ఎండాకాలంలో కూడా. తల్లిపాలలో నూటికి 87 పాళ్లు నీళ్లే. ఎండగా ఉంటే ఇంకో రెండు సార్లు పాలు అడుగుతుంది, ఇవ్వండి. తేనె, వస, ఆముదం, గ్రైప్ వాటర్, ఏదీ వద్దు. తేనె ఏడాది నిండేదాకా వద్దేవద్దు, అందులో ఉండే ఒక రకం సూక్ష్మజీవి పసిపిల్లలకి ప్రాణాపాయం తెస్తుంది. డాక్టరు రాసిన విటమిన్ డి చుక్కలు మాత్రం రోజూ వేయండి.

అత్తయ్యగారి మాట మిమ్మల్ని గుచ్చిందని తెలుస్తోంది. "పిల్లను మాడ్చకు" అన్నది అనాల్సిన మాట కాదు. ఆవిడ తరం పిల్లల్ని కనే రోజుల్లో పాలపొడి డబ్బా మీద బొద్దుగా నవ్వే పిల్లాడి బొమ్మ ఉండేది. డబ్బాల మీద పిల్లల బొమ్మలు వేయకూడదనీ, పాలపొడికి ప్రకటనలు ఇవ్వకూడదనీ, తల్లులకి ఉచిత శాంపిళ్లు పంచకూడదనీ మన దేశంలో చట్టం వచ్చింది 1992లో. బొద్దుతనం అంటే ఆరోగ్యం అన్న నమ్మకం చట్టంతో పోలేదు. ఆవిడతో వాదించకండి. పాప బరువు చీటీ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపండి, ప్రతి వారం పంపండి. ఆ పని మీ ఆయన చేస్తే ఇంకా మంచిది, వాళ్లమ్మకి ఆయన చెబితే ఒకలా ఉంటుంది, మీరు చెబితే ఇంకోలా ఉంటుంది. మీ అమ్మగారికి రాత్రి సీసా పని తప్పిస్తున్నాం కాబట్టి వేరే పని అప్పజెప్పాలి: మీరు పాలిచ్చాక తేన్పు తెప్పించడం, గుడ్డ మార్చడం, నిద్రపుచ్చడం ఆవిడవి. మీకు పడుకునే సమయం దొరుకుతుంది, ఆవిడకి మనవరాలు దొరుకుతుంది. చూడటానికి వచ్చే చుట్టాలని సాయంత్రం ఆరు తర్వాత రావద్దని చెప్పమనండి.

రాత్రుళ్లు ఏడుపొస్తోందన్నారు. కాన్పయిన కొత్తలో రెండు వారాల దాకా అలా కన్నీళ్లు రావడం చాలామందిలో ఉంటుంది. మూడు వారాలు దాటాక కూడా ఉందంటే తేలిగ్గా తీసుకోను. నిద్రలేమి, నొప్పి తగ్గితే మీకు కుదుటపడొచ్చు. పాప పడుకున్నా మీకు నిద్ర పట్టకపోయినా, పాప మీద ఏ భావమూ కలగకపోయినా, బతకాలని లేదనిపించినా ఆగొద్దు. మీ గైనకాలజిస్టుకి చెప్పండి, లేదా టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే ఉచిత సేవ, తెలుగులో మాట్లాడతారు. అవసరమైతే ఇచ్చే మందుల్లో పాలిచ్చే తల్లులు వాడదగ్గవి ఉన్నాయి.

కొన్ని లక్షణాలు కనిపిస్తే నా సలహాలు పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పాపకి జ్వరం రావడం, ఒంటికి రోజులో ఆరుకంటే తక్కువ వెళ్లడం లేదా ముదురు రంగులో వెళ్లడం, మాడు గుంటపడటం, లేపినా లేవకుండా మత్తుగా ఉండటం, కామెర్ల పచ్చదనం కాళ్ల దాకా పాకడం. మీకైతే రొమ్ములో ఒకచోట ఎర్రబడి, గట్టిపడి, చలిజ్వరం వస్తే డాక్టరుని కలవండి. ఆ సమయంలో పాలివ్వడం ఆపకూడదు, గట్టిగా పిసికి మర్దన చేయకూడదు, చల్లటి గుడ్డ వేసుకుంటే నొప్పి, వాపు తగ్గుతాయి.

ఆఫీసు సంగతికి ఇప్పటి నుంచే టెన్షన్ పడొద్దు. చట్టం ప్రకారం తొలి కాన్పుకి 26 వారాల సెలవు ఉంటుంది, అందులో కాన్పుకి ముందు ఎన్ని వాడుకున్నారో లెక్క చూసుకోండి. పాపకి 15 నెలలు వచ్చేదాకా పని మధ్యలో పాలివ్వడానికి రోజుకి రెండు విరామాలు ఇవ్వాలని ఉంది. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట శిశు సంరక్షణ గది ఉండాలి, అక్కడికి రోజుకి నాలుగు సార్లు వెళ్లొచ్చు. ఇవి అడిగి తీసుకోవాల్సినవి, ఎవరూ పిలిచి ఇవ్వరు. పాలు తీసి నిల్వ చేయడం ఆఫీసుకి వెళ్లే రెండు మూడు వారాల ముందు మొదలుపెడితే చాలు. బయట నాలుగు గంటలు, మన ఎండాకాలంలో అంతకన్నా తక్కువే, ఫ్రిజ్‌లో నాలుగు రోజుల దాకా ఉంటాయి.

రెండు వారాలయ్యాక మళ్లీ రాయండి. నాకు కావాల్సింది పాప బరువు, రోజుకి మొత్తం ఎంత డబ్బా పాలు ఇస్తున్నారు, చనుమొనల నొప్పి ఎలా ఉంది, ఈ మూడే. వాటిని బట్టి సాయంత్రం సీసా ఎప్పుడు తీయాలో చెబుతాను.